ముప్ఫై నాలుగో లైను

లోకంలో కోడళ్ళకి రకరకాల మామగార్లు దొరుకుతారు. పేపరు పైకి చదివి వీధంతటికీ వినిపించేవాళ్ళు, కూరలో ఉప్పు తగ్గితే మూడు రోజులు మౌనం పట్టేవాళ్ళు, వీధి తలుపు గొళ్ళెం పడిందో లేదో పదిసార్లు లాగి చూసేవాళ్ళు. వాళ్ళతో ఎలాగోలా వేగవచ్చు. ఈ కోడలికి మాత్రం స్క్రిప్టులు రాసే మామగారు దొరికారు.

ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఆయన నోట ఒకటే మాట: "దానికో చిన్న స్క్రిప్టు రాసేస్తే పోలా?" స్క్రిప్టంటే బ్రహ్మవిద్యేం కాదు. కొట్టుకి వెళ్ళే మనిషికి "ముందు ఇది అడుగు, అది లేకపోతే ఇది తీసుకో, రెండూ లేకపోతే నాకు ఫోన్ చెయ్యి" అని చీటీ రాసిస్తామే, అలాంటి చీటీ కంప్యూటరుకి రాసివ్వడం. కొట్టుకి వెళ్ళే మనిషి సగం దారిలో సగం మర్చిపోతాడు. కంప్యూటరు ఏదీ మర్చిపోదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన ముప్ఫై మూడేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి తగువులాడకుండా చూసిన మనిషి. రిటైరైన రోజున ఆఫీసు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఆఫీసుని వదలలేదు. ఒక పాత కంప్యూటరుని తెచ్చి మెట్ల కింద బల్ల మీద పెట్టి, ఇంటినే ఆఫీసు చేసేశారు.

మొదట భోజనాల స్క్రిప్టు వచ్చింది. ఎనిమిదింటికి ఇంట్లో వైఫై ఆగిపోతుంది, ఎనిమిదిన్నరకి వస్తుంది. అందరూ కంచాల ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని ఆయన కోరిక. మూడో రోజే ఆమె భర్త ఆఫీసు మీటింగులో పెద్ద మేనేజరు మాట మధ్యలో మాయమైపోయాడు. తండ్రీ కొడుకులు గంటసేపు అరుచుకున్నారు. చారు చల్లారిపోయింది. తర్వాత ఫోటోల స్క్రిప్టు. ఇంట్లో ఉన్న ఆరువేల ఫోటోలకీ తీసిన తేదీని బట్టి పేర్లు పెట్టేసింది. కెమెరాలో తేదీ సరిచెయ్యని పాపానికి ఆమె పెళ్ళి పంతొమ్మిది వందల డెబ్భై జనవరి ఒకటిన జరిగినట్టు తేలింది. అప్పటికి పెళ్ళికూతురు పుట్టలేదు.

"డెబ్భైలో చేసుకున్న మొగుడితోనా మామయ్యా నేను ఇన్నాళ్ళూ కాపురం చేస్తోంది?" అని ఆమె అడిగితే, "అందుకేనమ్మాయ్, వాడికి అంత ముసలితనం" అన్నారాయన, స్క్రీను మీంచి తల తిప్పకుండా.

నిజం చెప్పాలంటే ఆ స్క్రిప్టులు చదవడం ఆమెకో రహస్య వ్యసనం. ఆయన ప్రతి మార్పు దగ్గరా ఒక హ్యాష్ గుర్తు పెట్టి, ఎందుకు మార్చారో తెలుగులో రాసుకునేవారు. హ్యాష్ అంటే ఫోనులో సున్నా పక్కన ఉండే, నిలువూ అడ్డం గీతల గుర్తు. "అది పెట్టావనుకో, ఆ లైనుని కంప్యూటరు చూసీ చూడనట్టు వెళ్ళిపోతుంది. అది మనుషుల కోసం" అని ఒకసారి ఆయనే చెప్పారు.

"మీరు కూరలు తరగమంటే పేపరు అడ్డం పెట్టుకుంటారే, అలాగా?"

"అచ్చం అలాగే. త్వరగా పట్టుకున్నావు."

ఆ హ్యాష్ లైన్లు ఆమెకి సీరియల్ కంటే రుచిగా ఉండేవి. భోజనాల స్క్రిప్టులో ఇలా ఉండేది:

# అబ్బాయి మీటింగు తెగింది. నన్ను నానా మాటలూ అన్నాడు. టైము మార్చను. మా ఆవిడ నా పక్షం.

ఒకరోజు ఆయన నడకకి వెళ్ళినప్పుడు ఆమె కింద ఇంకో లైను కొట్టింది:

# అత్తయ్య ఎవరి పక్షమూ కాదు, ఆవిడకి చారు చల్లారడం కోపం. ఇట్లు, కోడలు.

మర్నాడు దాని కింద జవాబు ఉంది:

# కంప్యూటరు ముట్టుకునే ముందు చేతికున్న పిండి కడుక్కోవాలి. స్పేసు మీట అంటుకుపోయింది.

అలా మొదలైంది. మొహం మీద చెప్పుకోలేనివి, చెప్పుకుంటే బావుండనివి, మామా కోడళ్ళు ఆ హ్యాష్ లైన్లలో చెప్పుకునేవారు. ఆయనకి రెండో కాఫీ ఎందుకు దొరకలేదో అందులో ఉండేది. ఆమె పుట్టినరోజు కొడుకు మర్చిపోయాడన్న సంగతి, దానికి తండ్రి చెప్పిన క్షమాపణా అందులోనే ఉండేవి. ఇంట్లో మూడో మనిషికి ఆ సంగతి తెలియదు.

అత్తగారికి మరుపు మొదలైన సంగతి కూడా ఆమె మొదట అక్కడే చదివింది.

# మా ఆవిడ ఇవాళ నన్ను ఎవరు కావాలండీ అని అడిగింది. జోకనుకుని నవ్వాను. జోకు కాదు.

అత్తగారు పూర్వం టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరు. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డులో తీగలు గుచ్చి ఎవరెవరినో ఎవరెవరికో కలిపిన మనిషి. పేర్లు, మొహాలు, తిన్నదీ తిననిదీ ఒక్కొక్కటే జారిపోతున్నా ఆ ఉద్యోగం మాత్రం ఆవిడలో అలాగే ఉండిపోయింది. అన్నం పెట్టమంటారా అని అడిగితే "లైన్లో ఉండండి" అనేది. తల దువ్వుతుంటే "కలుపుతున్నా, లైన్లో ఉండండి" అనేది. మధ్యాహ్నం రెండు దాటితే మంచం దిగి చెప్పులు వెతికేది. ఆవిడ రెండో షిఫ్టు మూడింటికి.

తలుపుకి తాళం వెయ్యమన్నాడు కొడుకు. ఒక్కరోజు వేశారు. ఆవిడ గంటసేపు తలుపు కొట్టి, "డ్యూటీకి టైమైందండీ, తలుపు తియ్యండి, లైన్లన్నీ ఆగిపోతాయి" అని ఏడ్చింది. ఆయన తాళం తీసి తాళంచెవిని డాబా మీంచి విసిరేశారు.

"ముప్ఫై ఏళ్ళు నాకు క్యారేజీ కట్టి, తర్వాత తన డ్యూటీకి పరిగెత్తిన మనిషి. ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యలేనురా."

"పోనీ ఒక మనిషిని పెడదాం నాన్నా."

"మనిషి నిద్రపోతుంది. నేనో స్క్రిప్టు రాస్తాను."

దాని పేరు 'ఉన్నావా'. వైఫైకి తగులుకునే చేతి గడియారం ఒకటి కొని అత్తగారికి పెట్టారు. దాని పట్టీ మీద తన ఫోను నంబరు అంటించారు. మెట్ల కింద కంప్యూటరు అర నిమిషానికోసారి ఆ గడియారాన్ని 'ఉన్నావా?' అని అడుగుతుంది. గడియారం 'ఉన్నా' అంటుంది. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే ఆవిడ గుమ్మం దాటినట్టు లెక్క. అప్పుడు వంటింట్లో స్పీకరు ఆయన గొంతుతోనే అరుస్తుంది: "గుమ్మం చూడండి! గుమ్మం చూడండి!" ఆవిడ తిరిగొస్తే అదే గొంతు సంతోషంగా "వచ్చేసింది" అంటుంది. అంతా కలిపి నలభై మూడు లైన్లు. అరిచే పని ముప్ఫై నాలుగో లైనుది.

కాగితం మీద బాగానే ఉంది. ఇంట్లోనే తంటా. బాత్‌రూము గోడ మందం, అక్కడికి వైఫై అందదు. అత్తగారు బాత్‌రూముకి వెళ్ళిన ప్రతిసారీ స్పీకరు "గుమ్మం చూడండి" అని గగ్గోలు పెడుతుంది. ఈమె పొయ్యి మీద పోపు వదిలేసి పరిగెత్తుకెళ్తే అత్తగారు లోపల్నుంచి తాపీగా "లైన్లో ఉండండి" అంటుంది. ఒకసారి ఓర్వలేక ఆమె స్పీకరు ప్లగ్గు పీకేసింది. రెండు నిమిషాల్లో కూరల మార్కెట్టు నుంచి మామగారి ఫోను:

"అమ్మాయ్, స్పీకరు నోరెందుకు మూశావు?"

"మీకెలా తెలిసింది?"

"దానికో స్క్రిప్టు ఉంది."

ఆ రోజు ఆమె హ్యాష్ పెట్టి రాసింది:

# ఈ ఇంట్లో కోడలు నిద్రపోయినట్టు కూడా ఒక స్క్రిప్టుకి తెలుసేమో.

జవాబు: # ఇంకా రాయలేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఆ గురువారం దాకా.

ఆ గురువారం ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. భర్త ఆఫీసులో ఉన్నాడు. పొద్దున్నుంచీ వైఫై సరిగ్గా లేదో, గడియారం మొరాయించిందో, మధ్యాహ్నానికి స్పీకరు తొమ్మిదిసార్లు ఊరికే అరిచింది. ఆమెకి సగం తల పగిలిపోతోంది. వెలుతురు చూస్తే వాంతి వస్తోంది. అత్తగారికి అన్నం తినిపించి పడుకోబెట్టింది. ఆవిడ గోడ వైపు తిరిగి గుర్రు పెట్టింది. రెండుంపావు. ఒక్క గంట, ఒకే ఒక్క గంట నిద్రపోతే చాలనిపించింది.

ప్లగ్గు పీకితే ఆయనకి తెలుస్తుంది. ముప్ఫై నాలుగో లైను ముందు హ్యాష్ పెడితే తెలియదు. ఆ ఉపాయం తట్టినందుకు, అంత తలనొప్పిలోనూ, ఆమెకి చిన్న గర్వం కలిగింది. పంతులుగారి బెత్తం పంతులుగారి బల్ల కిందే దాచిన పిల్లలా నవ్వుకుంది. హ్యాష్ పెట్టింది, ఒక ఖాళీ వదిలింది, ఆయన పెట్టినట్టే. వెళ్ళి పడుకుంది.

లేపింది ఫోను. ఐదు దాటింది. బయట వాన చప్పుడు.

"అమ్మాయ్," మామగారి గొంతు పన్ను పీకిన నోటితో ముద్దముద్దగా ఉంది. "మీ అత్తయ్య ఇంట్లో ఉందా?"

ఆమె ఫోను పట్టుకునే పరిగెత్తింది. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. డ్యూటీకి వెళ్ళే ముందు పక్క సర్దుకోవడం ఆవిడకి అలవాటు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది.

"లేరు మామయ్యా."

"బస్సు డిపో నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఎవరో పెద్దావిడ ఆఖరి స్టాపులో బెంచీ మీద తడుస్తూ కూర్చుందిట, గడియారం మీద ఈ నంబరుందిట. ఇంట్లోనే ఉండి ఉంటుంది, ఇంకెవరో అయి ఉంటారనుకున్నాను. స్పీకరు అరవలేదా అమ్మాయ్?"

"లేదు మామయ్యా," అంది ఆమె.

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేది, బాగుపడేది.

ఆఖరి స్టాపు దగ్గర పూర్వం ఎక్స్చేంజి ఉండేది. ఇప్పుడక్కడ చెప్పుల షాపు. అత్తగారు షాపు తలుపులోంచి కొత్త చెప్పుల వరసలు చూసి, ఇంకా డ్యూటీ మొదలవలేదనుకుందో ఏమో, ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. బెంచీకి పైకప్పు లేదు. మూడింటికి మొదలైన వాన ఆరింటికి గానీ ఆగలేదు.

అక్కణ్నుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. భర్త ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే బయల్దేరాడు. పొడిబట్టలు తీసుకుని రమ్మని ఆమెకి చెప్పారు. ఆమె బట్టలు సంచీలో పెట్టింది, దువ్వెన పెట్టింది, చెప్పులేసుకుంది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మెట్ల కింద కూర్చుని ముప్ఫై నాలుగో లైను ముందున్న హ్యాష్ తీసేసింది. స్క్రీను మూల గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. ఆ సంఖ్య ఆమె కళ్ళలో అలాగే అచ్చుపడిపోయింది.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మామగారు మంచం పక్క నుంచి కదల్లేదు. రోజూ ఆ చేతి గడియారానికి ఛార్జింగు పెట్టేవారు. "ఎందుకు మామయ్యా?" అని ఆమె అడిగితే, "ఇంటికొచ్చేటప్పుడు ఉండాలి కదా" అన్నారు. ఎనిమిదో రోజు అత్తగారు కళ్ళు తెరిచి కోడలి చెయ్యి పట్టుకుంది. చాలాసేపు మొహంలోకి చూసింది. గుర్తుపట్టిందనే అనుకుంది ఈమె. "లైన్లో ఉండండి," అంది ఆవిడ మెల్లగా, ఎంతో మర్యాదగా. "కలుపుతున్నా." తర్వాత ఇంకేమీ అనలేదు.

అంతా అయ్యాక భర్త ఆస్పత్రి సంచీ పట్టుకుని ఇంట్లోకి అడుగు పెట్టాడు. సంచీలో గాజులు, దువ్వెన, చేతి గడియారం. అతను ఇంకా చెప్పులైనా విప్పలేదు. వంటింట్లోంచి మామగారి గొంతు, ఆరు నెలల కిందట రికార్డు చేసిన గొంతు, సంతోషంగా వినిపించింది.

"వచ్చేసింది!"

మామగారు గుమ్మం పట్టుకుని కింద కూర్చుండిపోయారు.

కొడుకు ఏడవలేక కోపం తెచ్చుకున్నాడు. మగవాళ్ళకి అది సులువు. "మనిషిని పెట్టమన్నాను. నా మాట విన్నారా? అమ్మని తీసుకెళ్ళి ఒక డబ్బాకి అప్పగించారు. మీ బొమ్మలాటకి మా అమ్మ కావలసొచ్చిందా?"

"ఊరుకోండి, ఇప్పుడవన్నీ ఎందుకు" అంది ఆమె. ఆ మాట ఎవరి కోసం అందో ఆమెకి తెలుసు.

"వాణ్ణి అననీ అమ్మాయ్," అన్నారు మామగారు. "స్క్రిప్టు పిలవలేదు. రాసింది నేను."

ఆ తర్వాత ఆయన ఒక్కొక్క స్క్రిప్టే ఆపేశారు. భోజనాల వేళ వైఫై ఆగడం మానేసింది. ఎవరికి వాళ్ళు ఫోను చూసుకుంటూ తినడం మొదలైంది. ఇల్లు పగలే నిద్రపోతున్నట్టు ఉండేది. ఒక్క 'ఉన్నావా' మాత్రం ఆపలేదు. దాన్ని కాగితాల మీద అచ్చు తీసుకుని ఎర్ర పెన్సిలు పట్టుకుని రోజూ చదివేవారు. గడియారం ఇచ్చిన జవాబులన్నీ కంప్యూటరు విడిగా ఒక చిట్టాలో రాసి పెడుతుంది. దాంట్లో గురువారం రెండూ నలభై ఒకటికి 'జవాబు లేదు' అని ఉంది. దాని కింద మళ్ళీ 'జవాబు లేదు'. దాని కింద మళ్ళీ. పేజీలు పేజీలు.

"చూడు, మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ జవాబు లేదని రాసుకుంది. మరి ఎందుకు అరవలేదు?" అని ఆయన తనలో తను అనుకుంటున్నట్టే పైకి అనేవారు. ఆమె కూరలు తరుగుతూ ఉండేది. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. దొంగ సంగతి సరే, ఇంటిల్లిపాదికీ వండి పెట్టాల్సిన దొంగ ఏం చెయ్యాలో సామెత చెప్పదు.

చెప్పాలని అనుకోలేదా అంటే, రోజూ అనుకునేది. చెప్తే భర్త ఏమంటాడో తెలుసు. ఏమీ అనడు. అనకుండా బతికినన్నాళ్ళూ చూస్తాడు. మామగారు ఇక ఎప్పుడూ అమ్మాయ్ అని పిలవరు. ఆ పిలుపు పోతుందన్న భయమే ఆమె నోటికి తాళమైంది. మెట్ల కింద కంప్యూటరు జోలికి కూడా పోయేది కాదు. ఊడుస్తున్నప్పుడు ఆ మూల చీపురుతో పైపైన తడిమి వచ్చేసేది.

ఒకరోజు ఆయన గడియారం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"అమ్మాయ్, ఒకసారి ఇది పెట్టుకుని వీధి చివరిదాకా నడుస్తావా? నేను నడిస్తే ఇక్కడ వినడానికి ఎవరూ ఉండరు."

ఆమె పెట్టుకుంది. పట్టీ మీద చివరి రంధ్రం దాకా లాగినా వదులుగానే ఉంది. అత్తగారి చెయ్యి అంత లావని అంతవరకూ తెలియదు. గేటు దాటి, లాండ్రీ షాపు దాటి, వీధి చివర దీపస్తంభం దాకా నడిచింది. చెవి దగ్గర ఫోనులో వంటింటి చప్పుడు వినిపిస్తోంది. ఒకటిన్నర నిమిషం. "గుమ్మం చూడండి! గుమ్మం చూడండి!" ఆ రికార్డు గొంతు మీద ఆయన అసలు గొంతు, "పనిచేస్తోంది" అంది, ఏదో పోగొట్టుకున్నట్టు.

తిరిగొచ్చాక గడియారం విప్పి ఇస్తుంటే ఆయన అడిగారు: "ఏమన్నా చెప్తావా అమ్మాయ్?"

"ఏం లేదు మామయ్యా. బాగానే వినిపించింది."

మళ్ళీ రెండు రోజులకి నడిపించారు. వానలో ఒకసారి. రెండో షిఫ్టు వేళకి ఒకసారి. గడియారం ఛార్జింగు అయిపోతున్నప్పుడు ఒకసారి. అన్నిసార్లూ స్పీకరు బంగారంలా అరిచింది. అన్నిసార్లూ ఆయన అదే అడిగారు. అన్నిసార్లూ ఆమె ఏం లేదు మామయ్యా అంది. లాండ్రీ అతనికి అనుమానం వచ్చి, "ఏంటమ్మా, షుగరా? డాక్టరు నడవమన్నాడా?" అని అడిగాడు. "ఆఁ" అంది.

ఐదు నెలలు గడిచాయి. ఆయన సగమైపోయారు. స్పీకరు విప్పి భాగాలన్నీ పాత దినపత్రిక మీద పరిచారు, మళ్ళీ బిగించారు. కొత్త స్పీకరు కొన్నారు. వైఫై పెట్టె మార్చారు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయేవారు.

ఆ ఆదివారం పొద్దున కొడుకు తేల్చి చెప్పేశాడు. "పాత సామాన్లు కొనే అతన్ని పదకొండింటికి రమ్మన్నాను. ఆ డబ్బా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీరు మనిషి కారు."

ఆయన వాదించలేదు. అదే ఆమెని భయపెట్టింది. కాసేపటికి స్నానానికి వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగారు.

"అమ్మాయ్, లోపల నీకు కావలసినవేమైనా ఉంటే తీసుకో. మీ పెళ్ళి ఫోటోలు అందులోనే ఉన్నాయి. డెబ్భై జనవరి ఒకటి కింద."

ఐదు నెలల తర్వాత ఆమె మెట్ల కింద కూర్చుంది. స్పేసు మీట ఇంకా పిండితో అంటుకునే ఉంది. ఫోటోలు పెన్ డ్రైవులోకి ఎక్కించింది. లేవబోయింది. చెయ్యి తనంతట తను 'ఉన్నావా' తెరిచింది.

ముప్ఫై నాలుగో లైను అక్కడే ఉంది. దాని కింద, పూర్వం లేని హ్యాష్ లైన్లు.

# ఈ ఫైలు చివరిసారి మారింది గురువారం సాయంత్రం 6:20కి. నేను ఆస్పత్రిలో ఉన్నాను. అబ్బాయి దారిలో ఉన్నాడు.

# లైను ముందు ఒక ఖాళీ మిగిలిపోయింది. హ్యాష్ తీసినప్పుడు దాని పక్క ఖాళీ కూడా తియ్యాలి. చెప్పలేదు నేను.

# అమ్మాయ్, నేను అడగను. నువ్వు ఇది చదువుతావు కదా, రోజూ చదువుతావు. చదివాక నీకెప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు.

# నెల అయింది. చదవలేదల్లే ఉంది.

# ఇంకో తప్పు ఎక్కడన్నా ఉందేమో వెతుకుతున్నా. ఒక్కటి దొరికినా చాలు, నీ తప్పుతో పని ఉండదు. వాడికి అది చూపిస్తాను.

# స్పీకరు విప్పాను. బాగానే ఉంది.

# వైఫై పెట్టె బాగానే ఉంది.

# ఇవాళ పదకొండోసారి నడిచావు. చక్కగా అరిచింది. పాడుది, ఎందుకింత బాగా రాశాను?

# ఆ రోజు తొమ్మిదిసార్లు ఊరికే అరిచినట్టు చిట్టాలో ఉంది. పిల్లకి తలనొప్పని పొద్దున మొహం చూస్తేనే తెలిసింది. అయినా పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. పన్ను ఆగేది.

ఆఖరి లైను ఇవాళ పొద్దుటిది.

# దొరకలేదు. వాడు ఇవాళ అమ్మేస్తాడు. అమ్మనీ. నాదేనని ఒప్పుకుంటే ఇల్లు నిలుస్తుంది.

ఆమె ఆ లైన్లు ఎన్నిసార్లు చదివిందో తెలియదు. తలెత్తేసరికి హాల్లో మాటలు వినిపిస్తున్నాయి. పాత సామాన్ల అతను గోనెసంచీ దులుపుతున్నాడు.

"ఇదేనా సార్? చాలా పాతదండీ. ఇనప రేటే వస్తుంది."

"ఎంతో ఒకంతకి తీసుకెళ్ళు. ముందు ఇక్కణ్నుంచి కదిలించు," అన్నాడు భర్త. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. ఐదు నెలలుగా అంటున్న మాటల వెనక దాచుకున్నది బయటపడింది. "ఒక్కసారన్నా నోరు విప్పి తప్పు నాదని అనండి నాన్నా. ఒక్కసారి. నాకింకేం వద్దు."

మామగారు తడి తల తుడుచుకుంటూ నిలబడ్డారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. వంటింటి వైపు గానీ మెట్ల వైపు గానీ చూడకుండా జాగ్రత్తపడ్డారు.

"సరేరా," అన్నారు. "తప్పు..."

"మామయ్యా, ఆగండి."

ఆమె మెట్ల కింద నుంచి లేచి వచ్చింది. చేతిలో పెన్ డ్రైవు పట్టుకునే ఉంది. భర్త విసుగ్గా చూశాడు. పాత సామాన్ల అతను సంచీ విప్పి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. మామగారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. రెండో కాఫీకి వద్దంటూనే కావాలన్నట్టు ఊపడం కాదు, ఈసారి నిజంగానే.

"చదివాను," అంది ఆయనతో. తర్వాత భర్త వైపు తిరిగింది.

"స్క్రిప్టు బాగానే ఉందండీ. మొదట్నుంచీ బాగానే ఉంది. అది అరవకుండా చేసింది నేను. ఆ గురువారం రెండుంపావుకి, అత్తయ్య పడుకున్నారని, నాకు తలనొప్పిగా ఉందని, ఆ లైను ముందు హ్యాష్ పెట్టాను. గంట పడుకుందామనుకున్నాను. మూడు గంటలు పడుకున్నాను. ఆవిడ పక్క సర్దుకుని వెళ్ళిపోయారు, నాకు వినపడలేదు. ఆరూ ఇరవైకి ఎవరూ చూడకుండా తీసేశాను. స్పీకరు అరవలేదా అని మామయ్య అడిగితే లేదన్నాను. ఐదు నెలలు మీరు ఆయన్ని అంటుంటే పక్కన నిలబడి విన్నాను."

ఆమె మళ్ళీ మామగారి వైపు తిరిగింది.

"తప్పు నాది మామయ్యా," అంది. "నాది."